మగ్గము లేని నేతగాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి వార్షికోత్సవమునందును నాకొక గంట కాలమిచ్చి, భారతము నుండియో భాగవతము నుండియో ఒక కథ చెప్పించుట మీ వాడుక. ఈ రజతోత్సవమునకును కార్యదర్శిగారు అదియే కోరిరి. నేను మాత్రము ఈసారి మన దేహమును గూర్చియు, అందులో దూరి దానిచేతనే తన పని చేయించుకొను వైరసును గూర్చియు మాటలాడుటకు అనుజ్ఞ వేడితిని. నేను శాస్త్రజ్ఞుడను కాను. మా తండ్రిగారు ఈ గ్రామ కరణములు. 1984లో ఆ ఉద్యోగములు రద్దయిన పిదప వారి కలము నాకు సంక్రమించినది గాని పదవి సంక్రమింపలేదు. సహకార సంఘపు పద్దులును, ఊరివారి లెక్కలును వ్రాయుచు ఏబది యేండ్లు దాటితిని. నేను చదివిన కావ్యములైనను, నేడు చెప్పబోవు శాస్త్ర విషయములైనను చాలవరకు ఈ బీరువాల నుండి తెచ్చుకొన్నవే.

ఈ విషయమునే ఏల యెంచుకొంటినో ముందుగా మనవి చేసెదను. ఇరువదియైదేండ్లుగా ప్రతి సాయంకాలము మూడు చక్రముల బండిపై వచ్చి ఈ తలుపులు తెరచువాడు మా తమ్ముడని మీ రెల్లరు నెఱుగుదురు. 1978లో, వానికి రెండవ యేడు నడచుచుండగా, నాలుగు దినములు జ్వరము వచ్చినది. జ్వరము తగ్గినది గాని కుడికాలు లేవలేదు. మరి రెండు దినములకు ఎడమకాలును పడిపోయినది. మా అమ్మ ఎవరి దిష్టియో తగిలినదనెను. నాయనమ్మ పూర్వజన్మ కర్మమనెను. నాకప్పుడు ఎనిమిదేండ్లు. జ్వరమునకు ముందు వానిని చంకనెత్తుకొని చెఱువుగట్టున త్రిప్పినవాడను నేను గనుక, తప్పు నాదేయని లోలోపల నమ్మితిని. పెద్దవాడనైన పిదపగూడ ఆ ముల్లు మనసునుండి ఊడలేదు. దానిని తీసికొనుటకే ఈ చదువు మొదలుపెట్టితిని.

మన దేహము కోట్లకొలది జీవకణములతో కట్టబడినది. ఒక్కొక్క కణము ఒక్కొక్క గ్రామమనుకొనుడు. ఆ గ్రామములో నడుమ ఒక దస్త్రపు గది కలదు; దానికి కేంద్రకమని పేరు. మూల దస్త్రమైన డి.ఎన్.ఏ. అందు భద్రముగా నుండును. అది గడప దాటి రాదు. పని పడినప్పుడు కావలసిన భాగమునకు నకలు తీసి బయటికి పంపుదురు. ఆ నకలునకే వార్తాహర ఆర్.ఎన్.ఏ. అని పేరు. మనము దానిని చీటీ యందము. చీటీ చేరవలసిన చోటు మగ్గము. ఆ మగ్గమే రైబోసోము. అందు నేయబడు వస్త్రమే మాంసకృత్తు, అనగా ప్రోటీను. కండయు, నెత్తుటిలోని ఎఱ్ఱదనమును, ఆహారమును జీర్ణము చేయు రసములును ప్రధానముగా ఈ వస్త్రములే. ఇరువది రకముల ఎమినో ఆమ్లములు దీనికి నూలుపోగులు. చీటీలోని మూడేసి అక్షరములకు ఒక్కొక్క పోగు చొప్పున మగ్గము చదువుచు, కలుపుచు పోవును. మన కణములలో ఒక మగ్గము సెకనుకు అయిదారు పోగులు కలుపగలదు.

ఈ మగ్గ మెంత యుండును? ఒక మిల్లీమీటరును లక్ష భాగములు చేసినచో, అట్టి రెండున్నర మూడు భాగముల వెడల్పు. ఇట్టివి ఒక్కొక్క కణములో లక్షలకొలది కలవు. 1955లో జార్జి పలాడే అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వీనిని చిన్న గింజలవలె చూచి వర్ణించెను. 1958లో వీనికి రైబోసోమను పేరు వచ్చినది. ప్రతి మగ్గమునకును రెండు భాగములు. చిన్న భాగము చీటీని చదువును. పెద్ద భాగము పోగులను జతచేయును. మానవుని మగ్గములో నాలుగు ఆర్.ఎన్.ఏ. తీగెలును, సుమారు 80 మాంసకృత్తులును కలవు. ఆ యెనుబదిలో 33 చిన్న భాగమునకు, 47 పెద్ద భాగమునకు చెందినవి. వస్త్రమును నేయు మగ్గమునకు కొయ్యలుగా మరల వస్త్రమే యుండుట వింతగదా!

1968లో మసయాసు నొమురా అను జపాను దేశీయుడు, అమెరికాలో పనిచేయుచు, బాక్టీరియా మగ్గపు చిన్న భాగమును విడదీసి, దాని ఆర్.ఎన్.ఏ.ను, దాని మాంసకృత్తులను వేఱుచేసి, మరల వెచ్చని ద్రవములో కలిపెను. బిగించువాడెవడును లేకయే ఆ ముక్కలు తమంతట తాము కూడి, మరల నేత సాగించు మగ్గపు భాగమైనవి. 2000 సంవత్సరమున ఈ మగ్గపు భాగముల స్వరూపము పరమాణువుల మేరకు తెలియవచ్చినది. ఆ కృషికి 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనత్ గార్లకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. రామకృష్ణన్ గారు 1952లో చిదంబరమున జన్మించినవారు. అప్పుడు తెలిసిన వింత యేమనగా, పోగును పోగుతో ముడివేయు అసలు పని చేయునది ఆర్.ఎన్.ఏ.యే. మాంసకృత్తులు చాలవరకు ఆ నడిమి స్థానమునకు ఎడముగా నుండి, చట్రమువలె, ద్వారబంధములవలె, కాపలావారివలె పనిచేయును. ఈ కాపలావారి మాట గుర్తుంచుకొనుడు. మరల దీనికి వచ్చెదను.

ఇక వైరసు. దానికి మగ్గము లేదు. నూలు లేదు. ఇల్లు లేదు. దానికున్నది ఒక చీటీ, ఆ చీటీకొక గవిసెన, అంతే. బాక్టీరియా అట్లు కాదు. అది యెంత చిన్నదైనను దానికి స్వంత మగ్గములు కలవు. వైరసు మగ్గము లేని నేతగాడు. మన కణములో దూరి, మన మగ్గముపై, మన నూలుతో, తన వస్త్రము నేయించుకొనును.

అయితే పరాయి చీటీని మగ్గము ఏల యంగీకరించును? ఇచ్చట పద్దులు వ్రాయువాని కన్ను తెరచుకొనును. మన కణపు చీటీలకు తలపై ఒక ముద్ర యుండును. 1975 ప్రాంతమున ఈ శిరోముద్రను కనుగొనిరి. ముద్రను పట్టుకొను గుమాస్తా యొకడు, అతనిని మగ్గముతో కలుపు మధ్యవర్తి యొకడు కలరు, వీరును మాంసకృత్తులే. ముద్ర చూచి చీటీని మగ్గమునకు అందించుట వీరి పని. వైరసులు ఈ కచేరీని మూడు విధములుగా మోసగించుటను మీకు చెప్పెదను.

మొదటిది ఇన్‌ఫ్లుయెంజా వైరసు. అది మన చీటీల తలలను ముద్రతో సహా పది, పదమూడు అక్షరముల మేర కత్తిరించి, తన చీటీలకు తగిలించుకొనును. భాగవతములోని పౌండ్రక వాసుదేవుడు కృత్రిమ శంఖచక్రములు తాల్చి తానే వాసుదేవుడననెను. ఈ వైరసు అతనికంటె ఘనుడు, అసలు ముద్రనే దొంగిలించును. 1980 ప్రాంతమున ఈ దొంగతనము బయటపడినది. ఆ కత్తెరకు అడ్డుపడు బలోక్సావిర్ అను మందు 2018లో జపాను దేశమున వాడుకలోనికి వచ్చినది.

రెండవది పోలియో వైరసు, మా యింటికి వచ్చినది. దీని చీటీ చివరనున్న ఒకే అక్షరపు తోకను విడిచినచో సుమారు 7,440 అక్షరములు. మన పుస్తకములలో అయిదారు పుటలు. ఇంత చిన్న చీటీ చదివి మా తమ్ముని జీవితము మారిపోయినది. దీనినుండి 2,209 పోగుల ఒకే పొడవైన వస్త్రము నేయబడి, పిదప ముక్కలుగా కత్తిరింపబడును. పోగుకు మూడు అక్షరములు గనుక 6,627 అక్షరములు ఖర్చు. మొత్తములో నుండి తీసివేసినచో 813 మిగులును. లెక్కలు వ్రాయువానికి పద్దులో మిగులు కనబడినచో నిద్రపట్టదు. ఆ మిగులు ఎచ్చట నున్నది? 71 చివర నున్నవి. 742 చీటీ మొగమునందే యున్నవి. వానిలో ఏ వస్త్రపు నమూనాయు లేదు. తలపై ముద్రయు లేదు. మరి అంత పొడవైన మొగసాల దేనికి?

1988లో కెనడాలో పెల్లెటియే, సోనెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు దీనికి సమాధానము చెప్పిరి. ఆ యక్షరముల వరుస మడతలు పడి ఒక దిడ్డివాకిలిగా నేర్పడును. మగ్గపు చిన్న భాగము ముద్రతో నిమిత్తము లేక నేరుగా అచ్చటనే దిగును. అంతేకాదు. ఈ వైరసు నేయించుకొను మాంసకృత్తులలో ఒక కత్తి కలదు. అది పైన చెప్పిన మధ్యవర్తిని రెండుగా నరకును. ఇక ముద్ర గల మన చీటీలు వాకిట నిలిచిపోవును. ముద్రలేని దొంగచీటీ దిడ్డివాకిలిగుండ పోవును. కొన్ని గంటలలో ఊరి మగ్గములన్నియు దొంగకే నేయును. ఆ కణము వెన్నుపాములోని నాడీకణమైనచో, అది ఆధీనములో నుంచుకొన్న కండ ఇక లేవదు.

మూడవది 2020లో లోకమునంతటిని ఇండ్లలో కూర్చుండబెట్టిన కోవిడ్ వైరసు. దాని మాంసకృత్తులలో మొదటిదాని తోక, మగ్గపు చిన్న భాగములో చీటీ దూరు సందులోనికి పోయి, పక్కనున్న రెండు రైబోసోము మాంసకృత్తులను, ఒక ఆర్.ఎన్.ఏ. వంపును పట్టుకొని బిరడావలె బిగియును. 2020లోనే జర్మనీ శాస్త్రజ్ఞులు దీనిని చిత్రములు తీసి చూపిరి. వైరసు చీటీలకు మాత్రము తలవద్ద ఒక గుర్తు ఉండి, ఆ బిరడాను తప్పించుకొనును.

మన కణము ఊరక చూచుచుండునా? లేదు. వైరసు పెరుగునప్పుడు పుట్టు జంటతీగెల ఆర్.ఎన్.ఏ.ను పసిగట్టు కాపలావాడు కలడు. వాడు గంట కొట్టిన వెంటనే కణము తన మగ్గములను తానే నిలిపివేయును. దొంగకు పంట దక్కుటకంటె పొలము బీడుపడుట మేలనుకొను రైతు పట్టుదల వంటిది. పొరుగు కణములకు వార్త పంపు ఇంటర్‌ఫెరాను అను పదార్థమును 1957లో లండనులో ఐజక్స్, లిండెన్‌మన్ అనువారు కనుగొనిరి. ఈ పోరులో ఒకప్పుడు మనము గెలుతుము, ఒకప్పుడు వైరసు.

ఇప్పుడు కాపలావారి మాటకు వచ్చెదను. మగ్గములోని ఎనుబది మాంసకృత్తులలో అన్నియు అన్ని చీటీలకు సమానముగా అవసరము కావని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి. చిన్న భాగములో ఎస్ 25 అను మాంసకృత్తు కలదు. అది లేకున్నను ఈస్టు కణముల సాధారణపు నేత ఇంచుమించు యథాప్రకారము సాగినది. హెపటైటిస్ సి వైరసు దిడ్డివాకిలికి మాత్రము అది లేనిదే గడవదని 2009లో తెలిసినది. పశువులకును గుఱ్ఱములకును నోటిలో పొక్కులు తెప్పించు అమెరికా ఖండపు వైరసు ఒకటి పెద్ద భాగములోని ఎల్ 40 అను మాంసకృత్తుపై మిక్కిలిగా ఆధారపడునని 2013లో కనుగొనిరి. దొంగ యే కొయ్యను పట్టుకొని లోనికి ఎక్కునో తెలిసినది. ఆ కొయ్యను మాత్రము కప్పగలిగినచో, మన నేత చెడకుండ దొంగనేత నాపవచ్చునను ఆశ యిచ్చట పుట్టినది. ఆ మందు ఇంకను చేతికి రాలేదు. దారి మాత్రము కనబడుచున్నది.

ఈ సందర్భమున మనవాని నొకనిని స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులుగా నుండగా, అచ్చట డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను మందును మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే సుబ్బారావుగారు పరమపదించిరి. టెట్రాసైక్లిన్ కుటుంబములో అది మొదటిది. ఈ కుటుంబపు మందు ఎచ్చట పనిచేయునో రామకృష్ణన్ గారి పరిశోధనాలయము 2000లో చిత్రించి చూపినది. బాక్టీరియా మగ్గపు చిన్న భాగములో, నూలుపోగును తెచ్చువాడు వచ్చి కూర్చుండవలసిన పీటపై ఈ మందు ముందే కూర్చుండును. నేత యాగును. బాక్టీరియా మగ్గము వేఱు, మన మగ్గము వేఱు గనుక, వైద్యుడు చెప్పిన మోతాదులో దానికి తగిలిన దెబ్బ మనకు తగులదు.

సభాసదులారా, నా ప్రసంగములో మీరు ఇంటికి తీసికొనిపోవలసిన మాట యిదియే. ఆ మందు బాక్టీరియా మగ్గమును గాని, దాని ఇంటి గోడను గాని, మరియొక సొత్తును గాని కొట్టుటకు చేయబడినది. వైరసుకు మగ్గమే లేనప్పుడు అది దేనిని కొట్టును? జలుబునకును, ఫ్లూ జ్వరమునకును యాంటీబయోటిక్ బిళ్ళలు మ్రింగుట దొంగ వీథిలో నుండగా ఖాళీ యింటిపై రాళ్ళు రువ్వుట. అంతతో పోదు. మన దేహములో ఊరక యున్న బాక్టీరియాలు ఆ దెబ్బ రుచి చూచి, దానిని తట్టుకొను విద్య నేర్చును. రేపు నిజముగా బాక్టీరియా రోగము వచ్చినప్పుడు ఆ బిళ్ళ పనిచేయదు.

ఇది మీకు బుద్ధి చెప్పుటకు అనుచున్నది కాదు. ఈ తప్పు నేను చేసితిని. మా అబ్బాయికి వైద్యుడు అయిదు దినములకు బిళ్ళలు వ్రాసియిచ్చినప్పుడు, మూడవనాడే జ్వరము తగ్గినదని మాన్పించి, మిగిలినవి పొదుపని బీరువాలో దాచితిని. తరువాత పొరుగింటి పసిదానికి పడిసెము పట్టినదనగా, చదువుకొన్నవాడనని నన్నడిగిరి. వానిని తీసి యిచ్చితిని. పద్దులో పైసా తేడా రానీయని నేను ఒకరి బిడ్డ దేహములో లెక్క తెలియని పద్దు వ్రాసితిని. ఆ పిల్ల క్షేమముగా నున్నది. అది నా గొప్పతనము కాదు. బిళ్ళ అవసరమో కాదో వైద్యుని నిర్ణయింపనీయుడు. ఆయన వ్రాసినచో చెప్పినన్నాళ్ళు వాడుడు. వ్రాయనిచో ఆయనను ఒత్తిడి చేయకుడు.

మరి వైరసుకు మందే లేదా? కొన్నింటికి కలదు. అంతకంటె మేలైనది ముందుగా కాపాడు టీకా. ఆల్బర్ట్ సేబిన్ 1950లలో బలహీనపరచిన పోలియో వైరసులే మన బిడ్డలకు వేయు చుక్కలు. ఏ అక్షరము మారుటచే అవి బలహీనమైనవో నాడు ఎవరికిని తెలియదు. తరువాత చదివి చూడగా, మూడు రకములలోను ఒక ముఖ్యమైన మార్పు ఆ 742 అక్షరముల మొగసాలలోనే కనబడినది! ఒక్క అక్షరము మారుటచే దిడ్డివాకిలి ఇరుకైనది. ఆ యక్షరము పూర్వరూపమునకు మరలుట కలదు. అందుచే రెండవ రకపు వైరసునకు ఆ తావును గట్టిపరచిన క్రొత్త చుక్కలు 2021 నుండి కొన్ని దేశములలో వాడుకలోనికి వచ్చినవి. మన దేశమున సహజ పోలియో చివరిసారి 2011 జనవరిలో పశ్చిమ బెంగాలున ఒక బాలికకు వచ్చినది. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఆ వార్త వచ్చిన పత్రికను మా తమ్ముడు ఈ గ్రంథాలయమున రెండు వారములు బల్లపైనుండి తీయనీయలేదు.

నా మనసులోని ముల్లు మాట చెప్పి ముగించెదను. పోలియో వైరసు నోటిద్వారా పోయి ప్రేగులలో పెరుగును. సోకిన 200 మందిలో సుమారు ఒకనికి మాత్రమే కాళ్ళు చేతులు పడును. మిగిలినవారిలో పెక్కుమందికి సోకినట్లే తెలియదు. 1978లో అది ఈ యూరిలో ఎందరి కడుపులలో తిరిగి పోయినదో, మా యింటికి ఎవరిద్వారా వచ్చినదో చెప్పుట ఎవరికిని శక్యము కాదు. ఒకవేళ నా ద్వారానే వచ్చియుండవచ్చును. అయినను అది దిష్టి కాదు, కర్మము కాదు, ఎనిమిదేండ్ల పిల్లవాని నేరమును కాదు. ముద్ర లేని ఒక చీటీ. ఈ మాట నేను మా తమ్మునితో నలుబది యేండ్లకు గాని చెప్పలేకపోతిని. వాడు విని నవ్వి, “అన్నయ్యా, ఇన్నాళ్ళు దానికా నా బండి నువ్వే త్రోసినావు?” అనెను.

పుస్తకము తీసికొనునప్పుడు వాడు ముద్ర వేయనిదే ఈ గడప దాటనీయడు. మీలో పలువురు వానితో ఆ విషయమై పోట్లాడినవారే. ఇకమీద పోట్లాడకుడు. ముద్ర చూచువాడు మెలకువగా నుండుట ఊరికి ఎంత మేలో నేడు మీరు వింటిరి.